మీవాడి జోర్డాన్ కార్డు సంగతి

ఒరేయ్ శీనూ,

ఉత్తరం అందింది. మీవాడు ఆటగాళ్ల బొమ్మలుండే కార్డుల పిచ్చిలో పడ్డాడనీ, మీ ఆఫీసులో ఎవరో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ 1986 నాటి కార్డు అమ్ముతానంటున్నాడనీ రాశావు. పైగా తండ్రీకొడుకులిద్దరూ రాత్రుళ్లు ఆ లాస్ వేగాస్ తాకట్టు కొట్టు షో వరసపెట్టి చూస్తున్నారట. "ఆ నిపుణుడు కార్డు చేతిలోకి తీసుకోగానే అసలో నకిలీయో చెప్పేస్తాడు, నువ్వు అచ్చు ప్రెస్సులో అన్నేళ్లు పనిచేశావు కదా, ఫొటో పంపితే నువ్వూ చెప్పగలవా" అని అడిగావు. చెప్పలేనురా. ఫోన్లో తీసిన ఫొటో చూసి ఎవడైనా చెప్తానన్నాడంటే వాడి దగ్గర ఏమీ కొనకు.

ముందు ఆ షో గురించి. 'పాన్ స్టార్స్' 2009లో హిస్టరీ ఛానల్లో మొదలైంది. నేనూ చూశాను, సరదాగానే ఉంటుంది. కానీ కాస్త ఆలోచించు. దారినపోయే మనిషి సంచిలో అరుదైన వస్తువు వేసుకుని లోపలికొస్తాడు. వాడు తలుపు తీసేసరికే కెమెరాలు, లైట్లు, మైకులు సిద్ధం. కొట్టు యజమానికి ఆ వస్తువు చరిత్ర తేదీలతో సహా నోటికొచ్చు. అనుమానం వస్తే "నాకు తెలిసినాయన ఒకరున్నారు" అంటాడు, ఆ తెలిసినాయన ఎప్పుడూ ఖాళీగానే ఉంటాడు! ఇలాంటి షోలకి వస్తువుల్ని ముందే చూసి ఎంచుకుంటారు. పెళ్లి వీడియోవాడు "ఇంకోసారి దండ వేయండి" అంటే వేస్తాం కదా, అలాంటిదే. అంతవరకైతే నాకు కోపమేం లేదు. నాకు నచ్చనిది, పరీక్ష చేయడానికి పట్టే టైమంతా కత్తిరించేసి, నిపుణుడంటే చూడగానే చెప్పేసేవాడు అనే నమ్మకం జనంలో నాటడం. మోసగాళ్లకి కావాల్సింది సరిగ్గా ఆ నమ్మకమే.

ఊరికే అనడం లేదు. పీబీఎస్ అనే ఛానల్లో వచ్చే 'యాంటిక్స్ రోడ్‌షో', అంటే జనం తెచ్చిన పాత వస్తువులకి నిపుణులు వెల కట్టే షో, చాలా మర్యాదగా నడిచే కార్యక్రమం, అక్కడ అరుపులూ బేరాలూ ఉండవు. అమెరికాలో అది 1997లో మొదలైంది. ఆ తొలి రోజుల్లోనే ఒకాయన అంతర్యుద్ధం నాటి కత్తి పట్టుకొచ్చి, చిన్నప్పుడు దీంతో పుచ్చకాయలు కోసేవాళ్లం అన్నాడు. ఎదురుగా కూర్చున్న నిపుణుడు ఆశ్చర్యపోయి 35,000 డాలర్లు వెల కట్టాడు. జనం మురిసిపోయారు. తీరా చూస్తే ఆ కత్తి తెచ్చినాయన నిపుణులకి ముందే తెలిసిన మనిషి, ఆ పుచ్చకాయల కథ ముందే అల్లి పెట్టుకున్నది. ఎందుకంత నాటకం? టీవీలో పేరొస్తే, ఇళ్లల్లో తాతల నాటి కత్తులూ తుపాకులూ యూనిఫారాలూ ఉన్నవాళ్లు తమంతట తామే వెతుక్కుంటూ వస్తారు. వచ్చారు కూడా. ఆ యుద్ధంలో పోరాడిన జనరల్ పికెట్ వంశస్థుల దగ్గర ఆయన వస్తువుల్ని తక్కువ ధర చెప్పి కొని, ఒక మ్యూజియం కోసం దాదాపు పది రెట్లకి అమ్మేశారు. చివరికి కేసు పడింది, ఆ నిపుణుల్లో ఒకడైన రస్ ప్రిచర్డ్‌కి 2002లో ఏడాది మీద ఒకరోజు జైలుశిక్ష పడింది. కత్తి అసలుదే రా శీనూ! అబద్ధమల్లా దాని చుట్టూ అల్లిన కథ. అద్దె గోదాముల్లో వదిలేసిన సరుకుని వేలంలో కొనే షో 'స్టోరేజ్ వార్స్' మీద కూడా అందులో పాల్గొన్న డేవ్ హెస్టర్ 2012లో కేసు వేశాడు, గోదాముల్లో విలువైన వస్తువుల్ని నిర్మాతలే ముందుగా పెట్టిస్తున్నారని. అది 2014లో రాజీతో ముగిసింది.

ఇక కార్డులు. వీటిలో అందరికంటే పెద్ద పేరు హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడిది. 1909, 1911 మధ్య సిగరెట్ పెట్టెల్లో వేసిన కార్డులు అవి. తన బొమ్మ తీసేయమని ఆయనే పట్టుబట్టాడు. పిల్లలు పొగాకు కొంటారని బాధపడ్డాడని కొందరూ, డబ్బివ్వలేదని కోపమొచ్చిందని కొందరూ అంటారు. ఏదైతేనేం, ఇప్పుడు మిగిలినవి యాభై అరవై దాకానే. వాటిలో ఒకటి మాత్రం నిన్న అచ్చు వేసినట్టు పదునైన అంచులతో ఉండేది. ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, ఇంకొకాయన కలిసి 1991లో వేలంలో 4,51,000 డాలర్లకి కొన్నారు. కార్డు అసలుదేనా, ఎంత బాగుందీ అని చూసి పదికి మార్కులు వేసే గ్రేడింగ్ కంపెనీ పీఎస్ఏ అప్పుడే పెట్టారు, అది మొట్టమొదట గ్రేడ్ ఇచ్చింది ఈ కార్డుకే. పదికి ఎనిమిది. 2007లో ఇది 28 లక్షల డాలర్లకి పోయింది. అంతకుముందు దాన్ని అమ్మిన డీలర్ బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు, అంచులు కత్తిరించింది తనేనని! కత్తిరించిన కార్డుకి గ్రేడ్ ఇవ్వకూడదన్నది ఆ రంగంలో మూల నియమం. అంటే నియమాన్ని కాపాడాల్సిన కంపెనీ మొదటి కార్డు దగ్గరే బోల్తా పడింది. కాయితం అసలుది, సిరా అసలుది, అంచులే అబద్ధం. నాకు దొంగ కార్డుల కంటే ఈ రకమే ఎక్కువ టెన్షన్, ఎందుకంటే దీన్ని భూతద్దం కూడా సులువుగా పట్టుకోలేదు.

పూర్తిగా నకిలీవైతే నాలాంటివాడికి కాస్త పని ఉంటుంది. మీవాడికి చూపించు, సరదా పడతాడు. ఆఫ్‌సెట్‌లో ఫొటో అంటే నాలుగు రంగుల చుక్కలు, భూతద్దంలో చూస్తే అవి చిన్న చిన్న పువ్వుల్లా పేర్చినట్టుంటాయి. కానీ అక్షరాలూ, నల్ల గీతలూ చుక్కలు కావు, వాటిని నిండు సిరాతో వేస్తారు, అంచు తేటగా ఉంటుంది. దొంగవాడు ఏం చేస్తాడంటే అసలు కార్డుని స్కాన్ చేసి మొత్తం కలిపి అచ్చేస్తాడు. అప్పుడు అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. జోర్డాన్ కార్డులో ముందు చూడాల్సింది ఆయన మొహం కాదు, పేరులోని అక్షరాల అంచులు. ఇంక్‌జెట్‌లో తీసిందైతే ఇంకా నయం, రంగు వరసా వాయీ లేకుండా చల్లినట్టు కనిపిస్తుంది. పాత కార్డులకి ఇంకో పరీక్ష ఉంది. కాయితాన్ని మరింత తెల్లగా మెరిపించే రసాయనాలు రెండో ప్రపంచయుద్ధం తరువాతే వాడకంలోకి వచ్చాయి. అందుకే 1910 నాటిదని చెప్పే కార్డు అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరిసిందంటే ఇక మాట్లాడాల్సిన పనిలేదు. జోర్డాన్ కార్డుకి ఈ దీపం ఒక్కటే చాలదు, అది 1986ది కదా. మెరుపు ఎంతుందో ఖాయంగా అసలుదని తెలిసిన కార్డుతో పక్కపక్కన పెట్టి పోల్చాలి.

"ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఉంది, గ్రేడ్ రాసి ఉంది" అని కూడా రాశావు. దాన్ని స్లాబ్ అంటారు. చూసి ధైర్యపడకు. జోర్డాన్ కార్డు పదికి పది గ్రేడ్‌తో 2021 జనవరిలో 7,38,000 డాలర్లకి పోయింది. తక్కువ గ్రేడ్‌వి అందులో పిసరంతకి వస్తాయి. అలాంటప్పుడు దొంగకి కార్డు అచ్చేసే శ్రమ ఎందుకు? డబ్బాని, చీటీని నకలు చేస్తే చాలు. 2024లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరి మీద పెట్టిన కేసు అదే. మామూలు కార్డులకి దొంగ గ్రేడ్ చీటీలు తగిలించి 20 లక్షల డాలర్లకి పైగా అమ్మారని, అమ్మజూశారని అభియోగం. ఇంకో సంగతి గుర్తొచ్చింది, క్రీడల కార్డులు కావు గానీ చెప్పకుండా ఉండలేను. యూట్యూబర్ లోగన్ పాల్ 35 లక్షల డాలర్లు పోసి, నిపుణులు సరే అన్న పోకెమాన్ పెట్టె కొన్నాడు. 2022 జనవరిలో కెమెరా ముందు విప్పితే లోపల జీఐ జో అనే సైనికుల బొమ్మల కార్డులు!

సంతకాల జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు. 1999లో ఎఫ్‌బీఐ దొంగ సంతకాల ముఠాల మీద ఆపరేషన్ బుల్‌పెన్‌ పేరుతో దాడులు చేస్తే దొరికిన దొంగ సరుకులో మదర్ థెరిసా సంతకమున్న బేస్‌బాల్ బంతులున్నాయి. ఆవిడకి బేస్‌బాల్ ఏమిట్రా అని ఒక్కడూ అనుకోలేదు చూడు!

ఇక ధర. టీవీలో చెప్పే అంకె చూసి మీవాడు మోసపోకుండా చూడు. రోడ్‌షోలోనే ఒకావిడ 1870ల బోస్టన్ బేస్‌బాల్ జట్టు కార్డులు తెచ్చింది. ఆ ఆటగాళ్లు బస చేసిన ఇంటి యజమానురాలు ఈవిడ ముత్తవ్వకి తల్లి, ఆటగాళ్లు ఆవిడకి రాసిన ఉత్తరం కూడా జతగా ఉంది. దానికి పది లక్షల డాలర్లు అన్నారు. కానీ అది బీమా కోసం చెప్పిన ధర. వేలంలో వచ్చేది వేరు, డీలర్ నీ చేతిలో పెట్టేది ఇంకా వేరు. తెర మీద కనిపించేది ఎప్పుడూ ఆ మూడింటిలో పెద్దదే.

నువ్వు చేయాల్సింది ఇదీ. చీటీ మీద నంబరుంటుంది, దాన్ని గ్రేడింగ్ కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి, అక్కడ ఫొటో ఉంటే మూలలూ మచ్చలూ ఒక్కొక్కటీ పోల్చు. నంబరు దొరికినంత మాత్రాన సరిపోదు, అసలు నంబర్లనే నకిలీ చీటీల మీద వేస్తారు. "మా తాతగారి అటకమీద దొరికింది" లాంటి కథ మొదలెడితే మర్యాదగా విని, ఏ షాపులో, ఎప్పుడు కొన్నాడో, బిల్లు ఉందో లేదో అడుగు. మీ ఆఫీసాయన ఒకవేళ డబ్బా చేతికివ్వడానికే నసిగితే అక్కడితో వదిలెయ్. జోర్డాన్ లేకపోయినా, మీవాడికి ఇప్పటి ఆటగాళ్ల కార్డుల ప్యాకెట్లు కొనివ్వు, వాడే ఏరుకుంటాడు.

పదిరెట్ల భూతద్దం ఒకటి వాడికి పోస్టులో పంపిస్తున్నాను. వదినగారికి నమస్కారాలు చెప్పు. ఈసారైనా జవాబు త్వరగా రాయి.

నీ
రవి