మా దూది మళ్ళీ నాలుగు కాళ్ళ మీద: అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు

ఈ పోస్టు రెండు నెలల కిందనే పెట్టాల్సింది. పరీక్ష పేపర్లు దిద్దడంలో పడి ఆలస్యమైంది, ఏమనుకోకండి.

మా దూది మీలో చాలామందికి తెలుసు. హనుమకొండలో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళ చెప్పుల వాసన చూసే తెల్ల కుందేలు. తొమ్మిదేళ్ళు నిండాయి, అంటే ముసలిదే. పోయిన దసరా తర్వాత కుడి వెనక కాలు నేలకు ఆనించకుండా నడవడం మొదలుపెట్టింది. మా సారేమో "వయసు, అంతే" అని ఒకటే పాట. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. ఈసారి అది నిజంగానే మూడు కాళ్ళ మీద తిరుగుతుంటే నేనేం వాదించను?

కుందేలు అరవదు, మూలగదు. నొప్పి ఉందని పసిగడితే ఏదో ఒకటి వచ్చి పట్టుకుపోతుందన్న భయం దాని రక్తంలోనే ఉంది. దీవాన్ ఎక్కడం మానేసింది. కుందేళ్ళు తమ మెత్తటి పెంటికలను నోటితో అందుకుని మళ్ళీ తింటాయి, వాటి ఒంటికి అది కావాలి. నడుము వంగక దూదికి అవి అందేవి కావు, తోకకు అంటుకుని ఎండిపోయేవి. బద్ధకమనుకుని నేను తిడుతూ కడిగాను. ఆ తిట్లు ఇప్పటికీ గుర్తొస్తాయి. ఒక రాత్రి ఒళ్ళో పెట్టుకుంటే పళ్ళు కొరికే చప్పుడు వినిపించింది, అన్నంలో ఇసుక తగిలినట్టు.

మొదట చూపించిన చోట ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. ఐదు రోజులు బాగుంది, ఆరో రోజు మళ్ళీ మొదటికొచ్చింది. "దీనికి ఎన్నాళ్ళని మందులు వాడతారమ్మా" అన్నారు. ఆ సంగతి అక్కడితో వదిలేస్తున్నా.

మామునూరు వెటర్నరీ కాలేజీలో చదివే మా పైఅంతస్తు అమ్మాయికి నా మొదటి థాంక్స్. కుందేళ్ళు చూసే డాక్టర్ మేడం దగ్గరికి తనే తోలుకపోయింది. మేడం ఎక్స్‌రే తీసి చూపించారు. నడుము కింది ఎముకలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి, తుంటి కీలు అరిగింది. "అరుగుడు తగ్గదు, నొప్పి తగ్గుతుంది. మీ బీపీ గోళీ లెక్క రోజూ వేయాలి" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ముందు కిడ్నీ, లివర్ పరీక్షలు చేయించి మెలాక్సికామ్ అనే నొప్పి తగ్గించే సిరప్ మొదలుపెట్టారు. కుక్కలకిచ్చే కొలత కుందేలుకు సరిపోదట, దాని ఒంట్లో మందు తొందరగా కరిగిపోతుంది కాబట్టి డోసు వేరే ఉంటుంది. అందుకే ఎంతో ఇక్కడ రాయడం లేదు, మీ డాక్టర్‌నే అడగండి. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. మేత ముట్టకపోతే ఆ పూట మందు ఆపి వెంటనే ఫోన్ చేయాలి, కుందేలు పేగులు ఖాళీగా ఉంటే కదలడం మానేస్తాయి. మా సారు మోకాళ్ళకు వేసుకునే డైక్లోఫెనాక్‌లో ఒక ముక్క వేద్దామా అని అడిగినందుకు మేడం గట్టిగానే కోప్పడ్డారు. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయనే 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు ఆపేశారని, దాని బదులు తెచ్చింది ఈ మెలాక్సికామ్‌నే అని అప్పుడే తెలిసింది.

వారానికల్లా కాలు ఆనింది. పదిహేను రోజులకు దీవాన్ మీద కూర్చుని నా పేపర్ల మూల కొరికింది.

మందు ఒక్కటే కాదు. మా ఇంట్లో టైల్స్ మీద దాని కాళ్ళు జారేవి. కొత్తవాడలో దర్రీలు నేసే తాతను పాత ముక్కలు అడిగితే "కుందేలుకా?" అని నవ్వి, నాలుగు ముక్కలు ఊరికే ఇచ్చాడు. 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన వరంగల్ దర్రీ మీద మా దూది పవళిస్తోందన్నమాట. పోగులు లాగి మింగకుండా అంచులు కిందికి మడిచి కుట్టాను. తాతా, మీ చేతికి దండం.

మేం మేడారం జాతరకు పోయిన మూడు రోజులు పక్కింటి అక్క, సూది లేని సిరంజితో, పొద్దున సరిగ్గా ఏడింటికి మందు పోసి నాకు వీడియో పంపింది. మూడో రోజు వీడియోలో దూది సిరంజిని తనే లాక్కుంటోంది. ఆ సిరప్ తియ్యగా ఉంటుందిలెండి.

ఎండలు నలభై దాటాయి కాబట్టి కూలర్ ఇప్పుడు దాని గదిలోకి మారింది. మా సారే మార్చారు, ఇది మాత్రం రాయాలి.

చివరగా భద్రకాళి గుడి దగ్గర పూలమ్మే అక్కకు. వినాయకుడికి తప్ప ఎవరూ అడగని గరికను నా కోసం రోజూ కట్ట కట్టి పక్కన పెడుతోంది. అక్కా, ఈ పోస్టు నీ కొడుకు చదివి వినిపిస్తాడని తెలుసు. శుక్రవారం రెండు కట్టలు ఉంచు, రక్తపరీక్షకు వెళ్ళొచ్చాక దానికి ఆకలెక్కువ.