నీ బొంత తడిసింది అమ్మణ్ణీ

అమ్మణ్ణీ,

ముందే చెప్పేస్తున్నా, కోప్పడొద్దు. నీ బొంత తడిసింది. తడిసిందంటే నాలుగు చినుకులు పడ్డాయని కాదు, నిన్న రాత్రంతా మిద్దె మీద వానలో నానింది. ఫోన్ చేసి చెబుదామని రెండుసార్లు నీ నంబరు తీసి మళ్ళీ పెట్టేశాను. నువ్వు క్లాసులో ఉంటావు, ఎత్తినా "సర్లేమ్మా, పోనీలే" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు, నాకేమో మొదట్నుంచీ చెప్పుకోవాలని ఉంది. పొద్దున్నుంచీ ముసురు పట్టింది, కరెంటు వస్తోంది పోతోంది, మీ నాయన పేపరు మొహం మీద కప్పుకొని గురక పెడుతున్నాడు. ఇంతకంటే తీరిక నాకెప్పుడు దొరుకుతుంది?

నిన్న మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలకు తక్కువుండదు, మిద్దె మీద కాలు పెడితే చుర్రుమంటోంది. బొంతలో గుడ్డలన్నీ ఏళ్ళ తరబడి బీరువాలో ఉన్నవి కదా, కలరా ఉండల వాసన వదల్లేదు. ఇంత మంచి ఎండ పోగొట్టుకోకూడదని నులకమంచం మీద పరిచి నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి కిందికొచ్చాను. సాయంత్రం చంద్రగిరిలో నిశ్చితార్థం ఉంది, మీ పిన్ని వాళ్ళ ఆడపడుచు కూతురిది, పోకపోతే ఊరుకోరు. అక్కడ భోజనాల దగ్గర ఉండగానే గాలి లేచింది, షామియానా ఎగిరిపోయింది, కరెంటు పోయింది, ఆ చీకట్లో పాయసం ఎవరికి వేశారో ఎవరికి వెయ్యలేదో తెలియదు. మేం ఇల్లు చేరేసరికి పది దాటింది. చీరంతా బురద. బొంత సంగతి నాకు గుర్తుంటే ఒట్టు. పొద్దున ఐదింటికి పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే చల్లగాలి మొహానికి కొట్టింది చూడు, అప్పుడు కడుపులో దేవినట్టయింది.

పైకి పరిగెత్తా. ఇటుకలు ఎక్కడివక్కడే ఉన్నాయి, అదొక్కటే సంతోషం. మూడు పొరల బొంత రాత్రంతా నీళ్ళు తాగితే ఎంత బరువో ఎత్తిన వాళ్ళకే తెలుస్తుంది. నేనో కొస మీ నాయనో కొస పట్టుకుని మెట్లు దిగుతుంటే వడ్ల మూట దింపినట్టుంది, మెట్టుమెట్టుకీ నీళ్ళు కారుతున్నాయి. ఆ నీళ్ళు ఎర్రగా ఉన్నాయని మొదట చూసింది మీ నాయనే.

ఎర్ర గళ్ళ అంచు రంగు దిగింది అమ్మణ్ణీ. ఉగాదికి ముందు గాంధీ రోడ్డులో కొన్నానని చెప్పానే, ఆ గుడ్డ. తప్పు అంగడివాడిది కాదు, నాదే. కొత్త గుడ్డని, అందులోనూ ఎర్రదాన్ని, ఉతక్కుండా పాత గుడ్డతో కలిపి కుట్టకూడదని నీకు పదేళ్ళప్పుడు చెప్పిన దాన్ని నేను. జూన్‌లో మీ ధార్వాడ వానలు మొదలయ్యేలోపు పంపెయ్యాలని తొందర పడ్డాను. అంచు పక్కన మీ నాయన పంచె ముక్కలున్నాయి, వాటికి అంటితే అంటింది, ఎవరికి కావాలి. అది కారుకుంటూ మధ్యలోకి వెళ్ళింది. మధ్యలో ఏముందో నీకు చెప్పలేదు, చూశాక ఆశ్చర్యపోతావని దాచాను. నీ ల్యాబ్ కోటు.

పద్మావతి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసేటప్పటిది, పారేశాననుకుని ఉంటావు. వీపు భాగం విప్పితే పెద్ద ముక్క వచ్చింది, అది మధ్యలో వేశాను. పాకెట్టు విప్పలేదు, అట్లే ఉంచి బొంత మీదికి వచ్చేటట్టు కుట్టాను, చేతిరుమాలో జండూబామో పెట్టుకుంటావని. దాని అడుగున నీ పెన్ను కక్కిన నీలి మరక ఇప్పటికీ ఉంది. ఎడమ చేతి ముక్క కూడా వేశాను. ఆసిడ్ చుక్క పడిన రోజు ఏమీ కనపడలేదు, ఉతికి ఆరేశాక చిల్లి పడింది, గుర్తుందా? మీ అవ్వ దానికి తన ఆకుపచ్చ చీర ముక్కతో మాసిక వేస్తే నువ్వు ల్యాబ్‌లో ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడేదానివి. ఆ మాసిక చెక్కు చెదరలేదు. దాని పక్కనే ఇప్పుడు జానెడు మేర గులాబీ రంగు.

ఇంత బాధ ఎందుకంటే, నీకు తెలుసుగా, మీ అవ్వ కుట్టిన అసలు బొంత కూడా వానకే పోయింది. 2021 నవంబరు. కపిలతీర్థం ధారలు చూడ్డానికి జనం పోయే మామూలు వాన కాదది, ఊరే చెరువైపోయింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్ళ వాళ్ళని ఖాళీ చేయిస్తున్నారని టీవీలో చెబుతుంటే మనం మంచాల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. గ్యాస్ సిలిండర్, బియ్యం డబ్బా, నీ సర్టిఫికెట్ల ఫైలు మిద్దె ఎక్కించాను. కింద అరలో ఉన్న బొంత గుర్తు రాలేదు. మూడు రోజుల తర్వాత తీస్తే బురద వాసన, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఒకసారి మర్చిపోయినదాన్ని రెండోసారీ మర్చిపోయానే అని పొద్దున్నుంచీ నన్ను నేనే తిట్టుకుంటున్నా.

సరే, ఒక వింత చెబుతా. ఇప్పుడు తడిసిన ఈ బొంతలోనే నీ కలంకారీ చున్నీ ముక్కలున్నాయి కదా, శ్రీకాళహస్తిలో చేత్తో వేసినది, అప్పట్లో ఖరీదని మీ నాయన గొణిగినది. దాని ఎరుపు ఒక్క చుక్క దిగలేదు! పక్కన కొత్త గుడ్డ ఏడుస్తుంటే ఇది తొణకలేదు బెణకలేదు. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో గుడ్డని ముందు నానబెడతారు, ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళతో గీస్తారు, ఆ తర్వాతే రంగులో ఉడకబెడతారు, మధ్యమధ్య పారే నీళ్ళలో ఎన్నిసార్లు జాడిస్తారో లెక్కే లేదు. నలుపేమో బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళు. అన్ని ఉతుకులు ముందే తిన్న గుడ్డకి ఒక రాత్రి వాన ఏపాటి. నేను చెయ్యని పని అదే.

ఇంకో సంగతి. ఆలస్యానికి సగం కారణం నువ్వు పంపిన ఫోటోలే. మీ ఓనరమ్మ చూపించిన కౌది అయితే మన బొంతే, పేరు వేరు అంతే. హళియాళ, యల్లాపుర వైపు సిద్దీ తెగ ఆడవాళ్ళు కుట్టేవని పంపావే, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చి ఆపుతారని, మూలల్లో పువ్వుల్లాంటి మడతలు పెడతారని, అది చూసి నాకు సరదా పుట్టింది. మనం ఒక కొస నుంచి ఇంకో కొసకి నాగలి సాళ్ళలాగా పోతాం కదా, ఈసారి వాళ్ళలాగా చుట్టూ తిప్పాను. నాలుగు చుట్లు బాగానే వచ్చింది, మధ్యకు చేరేసరికి గుడ్డంతా అక్కడికే నెట్టుకొచ్చి పూరీలాగా ఉబ్బింది! వాళ్ళ చేతివాటం వేరు. ముందుగా కచ్చా కుట్లు వేసి పొరల్ని కదలకుండా పట్టి ఉంచుకోవాల్సింది, నేను బద్ధకించాను. పదిహేను రోజుల పని ఒక మధ్యాహ్నం కూర్చుని విప్పేశా. మళ్ళీ మన సాళ్ళే. మూలల్లో పువ్వులు మాత్రం పెట్టాను, అవి ముద్దొస్తున్నాయి. ఇంతకీ ఇప్పుడు సూదిబెజ్జంలో దారం ఎక్కించడానికే నాకు పావుగంట, దారాన్ని కొవ్వొత్తికి రుద్ది చివర పళ్ళతో నొక్కి, అయినా లోపలికి పోదు, పక్కింటి పిల్లోడు బడి నుంచి వస్తే వాడితో ఒకేసారి పది సూదులకి ఎక్కించుకుని దిండుకి గుచ్చి పెట్టుకుంటున్నా.

తోట సంగతి అడుగుతావుగా. నా బొంతకి శత్రువైన వాన నా కుండీలకి చుట్టమైంది. ఆ బోరు నీళ్ళ ఉప్పుకి సంచుల అంచుల్లో తెల్లగా పొక్కు కట్టి ఉండేది, ఒక్క రాత్రిలో కడిగేసింది. మటిక్కాయ, బెండ, వంగ అన్నీ తలలెత్తాయి. మెరుపుల వానలో నత్రజని ఉంటుందని నువ్వు ఒకప్పుడు చెప్పావు, నేను నమ్మలేదు, ఇవాళ ఆకులు చూశాక నమ్ముతున్నా. మందారానికి పిండినల్లి పట్టిందని మొన్ననే లీటరు నీళ్ళకి ఐదు ఎమ్మెల్ వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి కొట్టాను, అదంతా కొట్టుకుపోయింది, మళ్ళీ కొట్టాలి. మల్లె మాత్రం పాడైంది. సంక్రాంతికి కొమ్మలు కత్తిరించిన చెట్టు, ఇప్పుడిప్పుడే రోజుకు రెండు మూరల మొగ్గ ఇస్తోంది, సగం రాలిపోయాయి, ఉన్నవాటికి ఎర్ర జీర వచ్చింది. బొంతకీ మల్లెకీ ఒకే రంగు పూసింది ఈ వాన.

"అశ్విని కురిస్తే అంతా నష్టం" అని మీ అవ్వ అనేది. ఏప్రిల్ 27 దాకా అశ్విని కార్తే కదా. ఆ మాట నిజమో కాదో మీ పెదనాన్నని అడగాలి. దామలచెరువు తోటలో తోతాపురి చెట్ల కింద కాయ పరిచినట్టు రాలిందట, గొంతులో మాట రావడం లేదు పాపం. భరణి కురిస్తే ధరణి పండుతుందంటారు, ఒక్క వారం ఆగి ఉంటే ఏం పోయేది దీనికి? పొద్దున ఆటోలో రెండు బస్తాలు పంపాడు. టెంక కూడా కట్టని కాయ, దెబ్బ తిన్నది, ఊరగాయకు పనికిరాదు. కొంత పప్పులోకి, కొంత చుట్టుపక్కల వాళ్ళకి, మిగిలింది ఎండ వస్తే ఒరుగులు కోసి నీకు పంపుతా.

నీ కరివేపాకు పసుపు పడుతోందన్నావు. అది తిండి లేక కాదే, నీళ్ళెక్కువై. మీ నల్లమట్టి మన ఎర్రమట్టి లాంటిది కాదు, తాగిన నీళ్ళు వదలదు. కుండీ కింద పెట్టిన ప్లేటు ముందు తీసెయ్యి, చిల్లులు మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడు, మట్టి మార్చేటప్పుడు మూడో వంతు ఇసక కలుపు. వేలు రెండో కణుపు దాకా గుచ్చి తడి తగిలితే ఆ రోజు నీళ్ళ జోలికే పోవద్దు. చెనిక్కాయ చెక్క నానబెట్టిన నీళ్ళు పొయ్యమన్నానని ఇప్పుడే పొయ్యకు, వేరు కుళ్ళుతుంది, కొత్త చిగురు కనపడ్డాక చూద్దాం.

ఇప్పుడు అసలు పని. నీకు కెమిస్ట్రీ చదివించింది ఇందుకే అనుకో. బొంతని ఆరనివ్వలేదు, ఆరితే రంగు పట్టేసుకుంటుందని తెలుసు. బాత్రూంలో పెద్ద టబ్బులో సర్ఫు నీళ్ళలో ముంచి ఉంచాను, నాలుగుసార్లు నీళ్ళు మార్చాను. మొదటి నీళ్ళు బీట్‌రూట్ రసం, నాలుగోవి రోజ్‌మిల్క్. పంచె ముక్కలు దాదాపు తేలిపోయాయి, కోటు మీద మాత్రం లేతగా ఉండిపోయింది. పక్కింటావిడ బ్లీచింగ్ పౌడరు వెయ్యమంటోంది. వేస్తే అంచు ఎరుపు కూడా పోతుందేమో, పైగా మీ అవ్వ మాసిక గుడ్డ ఉల్లిపొరలా ఉంది, అది తట్టుకోదని నా భయం. ఉప్పు వెయ్యనా అంటే ఒకసారి నువ్వే నవ్వావు, దిగే రంగుని ఉప్పు ఆపదని. మీ నాయన సలహా ఏమంటే మొత్తం బొంతని ఎర్ర రంగులో ముంచేస్తే గొడవ వదులుతుందట! ఆయన పడుకున్నప్పుడే మేలు.

నన్నడిగితే అంచు విప్పేసి, ఆ గుడ్డని విడిగా రంగు వదిలేదాకా ఉతికి, మళ్ళీ కుడతాను. పది రోజుల పని. కోటు ముక్క సంగతి నువ్వు చెప్పు. ఆ మరకతో ఉంచమంటే ఉంచుతా, తీసెయ్యమంటే పాకెట్టు మాత్రం విప్పి వేరే తెల్లగుడ్డ మీద వేస్తా. కరెంటు వచ్చి వైఫై రాగానే ఫోటో పంపుతా, పాకెట్టు పక్కన, ఎడమ వైపు దగ్గరగా పెద్దది చేసి చూడు.

ఐదు దాటింది, చినుకు సన్నబడింది. బీరపువ్వులు విచ్చుకునే వేళ. వానకి తేనెటీగలు రాలేదు, నేనే గొడుగేసుకుని పోవాలి. మగపువ్వు తెంపి రేకులు వలిచి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వులకి మెత్తగా అద్దాలి. నిన్న మూడు ఆడపువ్వులు లెక్క పెట్టుకున్నా. పుప్పొడి తడిసిందంటే అవి కూడా రాలిపోతాయి. పోతున్నా, రాత్రికి ఫోన్ చెయ్యి, ఎనిమిది తర్వాతైతే మీ నాయన కూడా లేచి ఉంటాడు.

మీ అమ్మ
తిరుపతి