ఆ రిపోర్టులు నేనూ రాశాను

సంపాదకుడు గారికి,

"టీకా తర్వాత వేల మందికి తీవ్ర సమస్యలు, ఇది సర్కారు లెక్కే" అని మా వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. అది చూసి పక్కింటి కోడలు మూడున్నర నెలల బాబును ఎత్తుకొచ్చి, "ఈ బుధవారం సూది మానేద్దామా పెద్దమ్మా?" అని అడిగింది.

నేను ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. అలాంటి లెక్కల్లోకి వెళ్లే రిపోర్టులు నేనూ రాశాను. టీకా తర్వాత బిడ్డ ఆస్పత్రిలో చేరితే కారణం తేలకముందే అది 'తీవ్రం' కిందకి వస్తుంది. ఒకసారి సూది వేసిన ఐదో రోజు విరేచనాలతో ఒక పాపకు సెలైన్ పెట్టారు. ఆ ఇంట్లో ఇంకో ఇద్దరికీ అవే విరేచనాలు. అయినా రాసి పంపాను. టీకా వల్లా, కాదా అన్నది తేల్చాల్సింది నిపుణుల కమిటీ, నేను కాదు. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్‌లు లెక్కపెట్టి, ఇంతమందికి శిక్ష పడిందంటే ఒప్పుకుంటామా?

అలాగని అవి ఉత్త కాగితాలూ కావు. అమెరికాలో రోటావైరస్ విరేచనాలు రాకుండా వేసే రోటాషీల్డ్ టీకా తర్వాత కొందరు పసిపిల్లలకు పేగులో పేగు చొచ్చుకుపోతోందని ఇలాంటి రిపోర్టులే పట్టించాయి. 1999లోనే ఆ టీకాను వెనక్కి తీసుకున్నారు.

మన ఖమ్మం సంగతి వేరు. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు. ఇక్కడా, గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. విచారణలో ఆ చావులకు నీళ్లలో మునగడం, పాము కాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. టీకాతో సంబంధం కనిపించలేదు. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన అంగీకార సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టేశారనీ, దుష్ప్రభావాల నమోదుకు సరైన ఏర్పాటే లేదనీ కూడా తేలింది. సంతకమే అడగని తల్లికి తర్వాత "సూది వల్ల కాదమ్మా" అంటే ఎలా నమ్ముతుంది? నాకైతే ఆ తల్లులదే న్యాయం అనిపిస్తుంది.

'టీకా వికటించి మృతి' అని మొదటి పేజీలో వేసే పత్రికలు, నెలల తర్వాత కమిటీ ఏం తేల్చిందో కూడా అదే పేజీలో వేయాలి. ఆరోగ్యశాఖ ఆ నిర్ణయాలను తెలుగులో రాసి పీహెచ్‌సీ గోడకు అంటించాలి.

బాబుకు బుధవారం సూది వేయించారు. రాత్రి ఒళ్లు వెచ్చబడిందని ఆ అమ్మాయి టెన్షన్‌గా వచ్చింది. పొద్దున్నే ఏఎన్‌ఎంకు చెప్పి రిజిస్టర్‌లో రాయించమన్నాను.

– రిటైర్డ్ ఏఎన్‌ఎం, పాల్వంచ