అమ్మను ఆ రాత్రి ఇంటికి పంపని డాక్టరమ్మకు కృతజ్ఞతలు

పోయిన వారం కర్నూలులో అమ్మకు బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్ అయింది. పొద్దున చేసి సాయంత్రానికే ఇంటికి పంపేస్తామన్నారు, మేమూ పత్తికొండ పక్కన మా ఊరికి కారు మాట్లాడి పెట్టుకున్నాం. అమ్మకు పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. రాత్రి నుంచి ఏమీ తినొద్దంటే తినలేదు గానీ, అలవాటు కొద్దీ పొద్దున్నే షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసేసుకుంది. తిండి మానేసిన పూట ఆ మాత్ర కూడా మానాలని మాకెవరికీ తెలీదు.

మత్తు డాక్టరమ్మ ఒక్కో మాత్ర పేరు చెప్పి "ఇది వేసుకున్నావా అమ్మా" అని అడిగితేనే ఆ సంగతి బయటపడింది. అప్పటికి షుగర్ 82. గ్లూకోజ్ బాటిల్ పెట్టి, మాటిమాటికీ చూసుకుంటూ ఆపరేషన్ చేశారు.

సాయంత్రం చూస్తే 146. బాగానే ఉంది కదా మేడం, పంపేయండి అని నేనూ చిన్నాన్నా పట్టుబట్టాం. ఆమె విసుక్కోలేదు, మంచం పక్కనే నిలబడి చెప్పింది: ఆ 146 బాటిల్ వల్ల వచ్చింది, మాత్ర పనిచేయడం ఇంకా ఆగలేదు, ఒక రోజంతా కూడా ఉంటుంది, పైగా ఈమె రెండుసార్లు వాంతి చేసుకుంది, తిన్నది కడుపులో నిలవడం లేదు, అర్ధరాత్రి ఇంట్లో షుగర్ చూసేదెవరు, పడిపోతే ఆసుపత్రికి ఎంతసేపట్లో తెస్తారు? మా ఇంట్లో షుగర్ చూసే మిషన్ కూడా లేదు. నోట మాట రాలేదు మాకు.

రాత్రి రెండున్నరకు నర్సమ్మ వచ్చి చూస్తే షుగర్ 58కి పడిపోయింది. అమ్మ చెమటతో తడిసిపోయింది, మాట ముద్దగా వస్తోంది. వెంటనే నరానికి గ్లూకోజ్ ఎక్కించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, 120 దాటాక గానీ ఆ అమ్మాయి మంచం దగ్గర నుంచి కదల్లేదు. అదే ఇంట్లో అయితే నిద్రపోతోందిలే అనుకుని మేమూ పడుకునేవాళ్లం. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

పొద్దున అమ్మ ఇడ్లీ తిని, అది నిలిచిందని చూశాకే డిశ్చార్జి చేశారు. చిన్నాన్నకు వచ్చే నెల పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్ ఉంది. ఆయన వాడే డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర మూడు రోజుల ముందే ఆపాలని, లేకపోతే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరగొచ్చని, ఆ విషయం అక్కడి డాక్టర్లకు తప్పకుండా చెప్పమని కూడా డాక్టరమ్మే చెప్పి పంపింది.

డాక్టరమ్మా, నర్సమ్మా, మీ ఇద్దరికీ మా ఇంటిల్లిపాదీ దండాలు. కుట్లు విప్పించుకోవడానికి వచ్చేటప్పుడు మా చేనులో వేరుశనక్కాయలు తెస్తాం, వద్దనొద్దు.