పుష్కరాల రంగులు పడేలోపు పాత కట్టడాలను ఫోటోలు తీయించండి

సంపాదకులకు నమస్కారం.

గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. ఘాట్లు, రోడ్లతో పాటు డెల్టాలోని గుళ్ళకీ నిధులు వస్తాయి, మరమ్మతులు మొదలవుతాయి. పనులు జరగాల్సిందే, అందులో వాదన లేదు. నేను అడిగేదల్లా, ఏ పాత కట్టడం మీదైనా మేస్త్రీ చెయ్యి పడేముందు, రంగు డబ్బా మూత తీసేముందు, దాన్ని ఉన్నది ఉన్నట్టు మూలమూలా ఫోటోలు తీయించి భద్రం చేయమని. గుడి, చర్చి, మసీదు, కాలువ మీద పాత వంతెన, ఏదైనా సరే. దానితో పాటే, ఆ కట్టడాలు చూడటానికి వచ్చిన మామూలు జనం ఫోటో తీసుకుంటే కసురుకోవడం మానమని.

ముందు ఈ రెండో సంగతి చెబుతాను. మా ప్రాంతంలోని ఒక పాత ఆలయంలో ఈమధ్య మండపం స్తంభం మీది చెక్కడాన్ని ఫోన్‌తో తీస్తున్నాను. గర్భగుడి అక్కడికి చాలా దూరం. కాపలా అతను వచ్చి, "ఫోను లోపల పెట్టేయండి మాస్టారూ, ఫోటోలు తీయకూడదండి" అన్నాడు. ఎక్కడ రాసి ఉంది బాబూ అంటే, "రాసి లేదండి, పైవాళ్ళు వద్దన్నారండి" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను. రేపు ఎవరైనా పిచ్చి వీడియో తీసి పెడితే మాట పడేది అతనే, ఆ టెన్షన్ అతనికి ఉంటుంది. ప్రీవెడ్డింగ్ షూట్ల పేరుతో గుళ్ళలో కొందరు చేసే హడావుడి నేనూ చూశాను. కానీ అదే స్తంభానికి కింద మోకాలెత్తు దాకా వెండి రంగు పెయింటు పూసి ఉంది. చెక్కిన హంసల వరుసలో ముక్కులూ కాళ్ళూ ఆ రంగు కింద పూడిపోయాయి. ఫోటో వల్ల ఆ రాయికి వచ్చే నష్టం ఏమీ లేదు. జరిగిన నష్టమంతా ఆ పూతతోనే జరిగింది, దాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు.

కేంద్ర పురావస్తు శాఖ 2018 జులైలోనే తన రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర ఫోటోలు తీసుకోవచ్చని చెప్పింది. అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్‌లో సమాధి ఉన్న లోపలి భాగం, వీటికే మినహాయింపు ఇచ్చారు. మన ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు గుళ్ళు ఆ శాఖ రక్షిత కట్టడాలే. అక్కడ పూజలు, పాలన చూసేది దేవదాయ శాఖ. ఇలా రెండు శాఖల చేతిలో ఉన్న చోట నియమం ఏమిటో ఒక బోర్డు మీద రాసి గుమ్మం దగ్గర పెడితే వచ్చినవాళ్ళకీ, కాపలా ఉన్నవాళ్ళకీ గొడవ ఉండదు. గర్భగుడిలో వద్దంటే వద్దు, దాన్ని ఎవరూ కాదనరు. ర్యాలిలో ఏకశిలలో ముందు కేశవస్వామిగా, వెనక మోహినిగా ఉన్న మూర్తిని అర్చకుడు దీపం పట్టి చూపిస్తుంటే కళ్ళారా చూసుకోవాలి, అక్కడ ఫోన్‌తో పనిలేదు. మండపం, ప్రాకారం, గోపురం సంగతి వేరు.

జర్మనీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు కొలోన్ కెథడ్రల్ చూశాను. 157 మీటర్ల ఎత్తు గోపురాలు. లోపల ఎవరి ఫోటోలు వాళ్ళు తీసుకుంటున్నారు. ప్రార్థన వేళ కాగానే ఎర్రటి పొడవాటి అంగీలు వేసుకున్న అక్కడి సిబ్బంది వచ్చి చూడటానికి వచ్చినవాళ్ళని నెమ్మదిగా వెనక్కి పంపారు, కెమెరాలన్నీ కిందికి దిగాయి. ఎవరూ గొంతు పెంచలేదు. నియమం అందరికీ తెలిసిందే కాబట్టి ఆ అవసరమే రాలేదు.

ఆ చర్చి కథలో మన పుష్కరాల పనులకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 1248లో కట్టడం మొదలుపెట్టారు. పదహారో శతాబ్దంలో పని ఆగిపోయింది. మూడు వందల ఏళ్ళు అలాగే అసంపూర్తిగా నిలబడింది. చివరికి 1880లో పూర్తి చేశారు. అన్ని తరాలు గడిచాక ముందు భాగం ఎలా కట్టాలో ఎలా తెలిసిందంటే, మధ్యయుగంలో తోలు కాగితం మీద గీసిన నాలుగు మీటర్ల పొడవు నక్షా దొరికింది. సగం 1814లో డార్మ్‌స్టాట్‌లో, మిగతా సగం 1816లో పారిస్‌లో. కట్టినవాళ్ళూ పోయారు, కట్టించినవాళ్ళూ పోయారు, నక్షా మిగిలింది కాబట్టి పాతవాళ్ళు అనుకున్నట్టే గోపురాలు లేచాయి. పారిస్‌లోని నోత్ర్ దామ్ 2019 ఏప్రిల్‌లో తగలబడింది. దానికి కొన్నేళ్ళ ముందే ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ఆచార్యుడు ఆ చర్చి లోపలా బయటా లేజర్ కొలతలు తీసి పెట్టి ఉన్నాడు. అగ్నిప్రమాదం నాటికి ఆయన లేడు, 2018లోనే చనిపోయాడు. ఆయన తీసిన కొలతలు పునర్నిర్మాణానికి ఉపయోగపడ్డాయి. 2024 డిసెంబరులో చర్చి మళ్ళీ తెరిచారు. ఫ్రాన్సు వాళ్ళకి ఇది కొత్త కూడా కాదు. 1851లోనే, కెమెరా పుట్టిన కొత్తల్లో, పాత కట్టడాలను ఫోటోలు తీయడానికి ప్రభుత్వమే అయిదుగురు ఫోటోగ్రాఫర్లను ఊళ్ళ మీదికి పంపింది.

మనకు అంతర్వేది ఉంది. 2020 సెప్టెంబరులో లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. మా ఇంట్లో ఆ రథోత్సవం ఫోటోలు ఎన్నో ఉన్నాయి. అన్నిటిలోనూ ముందు చుట్టాలు, వెనకాల జనం, ఆ వెనక రథం. చక్రం ఇరుసు ఎలా కూర్చారో, పలకల మీద ఏ బొమ్మ ఎక్కడ ఉందో చెప్పే ఫోటో ఒక్కటీ లేదు. కొత్త రథం వచ్చింది, 2021లో ఉత్సవం జరిగింది, భక్తులకు లోటు రాలేదు. అయినా పాత వడ్రంగుల చేతిపని మాత్రం మళ్ళీ చూడలేం.

అలా పోకూడనివి ఈ డెల్టాలో ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే ఆశ్చర్యం వేస్తుంది. ద్రాక్షారామంలో గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. అఖండదీపానికి ఎవరు ఏమిచ్చారో, ఏ ఊరి భూమి ఎవరి పేర రాశారో ఆ రాళ్ళ మీదే ఉంది. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల గుళ్ళు కొన్ని ఊరి మధ్య, కొన్ని వరిచేల మధ్య ఉన్నాయి. పాలకొల్లు క్షీరారామ గోపురం తొమ్మిది అంతస్తులు. యానాంలో 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి, ఫ్రెంచివాళ్ళ కాలంలో యూరపు పద్ధతిలో కట్టింది. పుదుచ్చేరి పాలన కాబట్టి మన జాబితాల్లో చేరదు, చేర్చాలి. పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీద కాటన్ దొర హయాంలో కట్టిన అక్విడక్టు ఉంది, 49 ఆర్చీలు, కింద నది, పైన కాలువ. నగరం లంకకు నీళ్ళు అందించిన కట్టడం అది. ఇప్పుడు పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్తది ఉంది. నరసాపురంలో, కాకినాడలో మిషన్ల కాలం నాటి చర్చిలు, బంగళాలు, కోనసీమ ఊళ్ళలో మండువా లోగిళ్ళు, ఇవి ఏ శాఖ జాబితాలోనూ లేనివే ఎక్కువ. మండువా ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టుకునే హక్కు ఇంటివాళ్ళకి ఉంది. పడగొట్టే ముందు ఒక్క పూట ఫోటోలు తీసుకోనిమ్మని అడిగితే కాదనేవాళ్ళు మా ఊళ్ళ వైపు తక్కువ.

తీయడంలోనూ పద్ధతి ఉంది. ముప్పయ్యేళ్ళు పిల్లలకు బొమ్మలు నేర్పినవాడిని, చొరవ తీసుకుని చెబుతున్నాను. శిల్పానికి ఎదురుగా ఫ్లాష్ కొడితే చెక్కడం అప్పడంలా చదునుగా వస్తుంది. పొద్దున్నే ఏటవాలు ఎండలో తీస్తే వేళ్ళ గోళ్ళు కూడా కనిపిస్తాయి. అరిగిపోయిన శాసనానికి పక్క నుంచి, రాతిని ఆనుకున్నట్టుగా టార్చి వెలుగు పడేట్టు పట్టుకోవాలి. ఎదురు వెలుతురులో లేదనుకున్న అక్షరం అప్పుడు లేచి వస్తుంది. గోపురం పాదం దగ్గర నిలబడి ఫోను పైకెత్తితే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. దూరం జరగాలి, లేదా ఎదుటివాళ్ళ మేడ ఎక్కాలి. చర్చిలో రంగు అద్దాల కిటికీ ఉంటే, మెదక్ చర్చిలో లాగా, దాన్ని లోపలి నుంచి పగలే తీయాలి. కిటికీకి వెలుగు సరిపెడితే గోడ నల్లబడుతుంది, గోడకి సరిపెడితే కిటికీ తెల్లగా వెలిసిపోతుంది, అందుకని రెండూ విడివిడిగా తీసుకోవాలి. ప్రతి ఫోటోలో పక్కన ఒక స్కేలు పెట్టి, ఏ గోడ, ఏ వైపు, ఏ తేదీ అన్నది రాసుకోకపోతే పదేళ్ళ తర్వాత ఆ ఫోటో ఎవరికీ అక్కరకు రాదు.

ఇదంతా ఖర్చుతో కూడిన పని కాదు. ఆషాఢంలో, మూఢంలో మన ఊళ్ళ స్టూడియోల వాళ్ళు మంచి మంచి కెమెరాలు బీరువాలో పెట్టుకుని ఖాళీగా ఉంటారు. వాళ్ళకి రోజు కూలి కట్టిచ్చి, చరిత్ర చదివే డిగ్రీ పిల్లలను తోడు పంపితే చాలు. రక్షిత కట్టడాల్లో స్టాండు పెట్టుకోవడానికి విడిగా అనుమతి కావాలి, అది అధికారులు ఒక్క ఉత్తరంతో ఇప్పించగలరు. తీసిన ఫోటోలు ఒక ప్రతి ఆలయ కార్యాలయంలో, ఒకటి కలెక్టరేట్‌లో, ఒకటి రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో ఉంచాలి, అడిగినవారికి చూపించాలి. ఒక్కచోటే ఉంచితే వరదొచ్చినా, కంప్యూటర్ పాడైనా పోతాయి.

మరమ్మతుల గురించీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. మన డెల్టా నేలలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. సున్నం గోడ ఆ చెమ్మని పీల్చి మళ్ళీ బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూసి ఎనామిల్ రంగు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఉప్పు పొంగుతుంది, రెండు వానాకాలాలకే పెచ్చులూడుతుంది. అప్పుడు గోడ పాడైందని ఇంకో పూత వేస్తారు. పాత ఫోటో చేతిలో ఉంటే, ఏ పూతకు ముందు గోడ ఎలా ఉందో కాంట్రాక్టరును నిలబెట్టి అడగడానికి ఆధారం ఉంటుంది.

కాబట్టి పుష్కరాల పనుల టెండరు షరతుల్లోనే ఒక వాక్యం చేర్చమని దేవదాయ శాఖ కమిషనర్ గారిని, గోదావరి జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాను: పని మొదలుకాకముందు తీసిన ఫోటోలు, పూర్తయ్యాక అదే చోట నిలబడి తీసిన ఫోటోలు, రెండూ అప్పగిస్తేనే బిల్లు చెల్లించాలి. చర్చి పెద్దలు, మసీదు కమిటీలు కూడా తమ పాత కట్టడాలకు ఇదే పద్ధతి పెట్టుకుంటే బాగుంటుంది. ఫోటోలు ఎక్కడ తీయవచ్చో, ఎక్కడ కూడదో చెప్పే బోర్డులు మాత్రం పుష్కరాల దాకా ఆగనక్కర్లేదు, ఈ నెలలోనే పెట్టవచ్చు.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
రామచంద్రపురం