మీ అమ్మ మాటకి చుట్టాలు దొరికారు

షిల్లాంగ్,
జూలై, ఆదివారం రాత్రి

ఒరే గురూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటిపోయింది. నీకు కోపం వచ్చే ఉంటుంది, రావాలి కూడా. ముందు బ్యాంకులో ఆడిట్, ఆ తర్వాత వారం రోజులు జ్వరం. ఆ పైన రోజూ "రేపు రాద్దాం" అనుకోవడం. ఇక ఆగే పని లేదు. మా ఆఫీసు కుర్రాడొకడు తెల్లవారుజామున విశాఖ బయల్దేరుతున్నాడు. వాడికిస్తే పాలకొండలో మా తమ్ముడికి అందుతుంది, సంత రోజున తమ్ముడు సీతంపేటలో నీ చేతికిస్తాడు. మీ ఊరికి సిగ్నల్ వచ్చి ఉంటే ఈ రాత్రే ఫోన్ చేసేసేవాణ్ణి, అంత ఆత్రంగా ఉంది.

ముందు ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అందరూ బాగున్నారు. చిన్నదానికి రెండు పళ్లు ఊడాయి. బదిలీ సంగతి ఏమీ తేలలేదు. నువ్వు పంపిన జీడిపప్పు ఆఖరి గుప్పెడు మొన్ననే అయిపోయింది.

అసలు విషయం. మీ అమ్మ సవర భాషకి చుట్టాలు దొరికారురా! నేను అద్దెకుంటున్న ఇంట్లోనే!

ఉండు, మొదట్నించీ చెప్తాను. నేనుండేది లైతుమ్‌ఖ్రా అనే పేటలో, రిటైరైన ఒక టీచరమ్మ ఇంట్లో. ఇక్కడ పెద్ద ఆడవాళ్లని "కాంగ్" అని పిలుస్తారు, మనం అక్క అన్నట్టు. కర్ర చట్రం, రెల్లు తడికల మీద పూత, పైన రేకులు, అలాంటి ఇల్లు ఆవిడది. 1897 జూన్ 12న వచ్చిన భూకంపంలో షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయట. ఆ తర్వాత ఇక్కడ ఇళ్లు ఇలా తేలిగ్గా కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆవిడ ఇంటికి చిన్న కూతురు కాబట్టి ఇల్లు ఆవిడకే వచ్చింది. ఇక్కడి కొండవాళ్లు ఖాసీలు, వాళ్లల్లో వంశం తల్లి వైపు నుంచి లెక్క, ఇంటిపేరు తల్లిది. చిన్న కూతుర్ని "ఖద్దుహ్" అంటారు. అమ్మానాన్నల్ని ఆఖరిదాకా చూసుకోవాల్సింది ఆవిడే. ఆవిడ తమ్ముడొకాయన కాలేజీలో జాగ్రఫీ చెప్తాడు, ప్రతి ఆదివారం అక్క ఇంటికి భోజనానికి వస్తాడు.

పోయిన ఆదివారం ఆయనే నన్ను సొహ్రా తీసుకెళ్లాడు. మనం ఎనిమిదో తరగతిలో చిరపుంజి అని బట్టీ పట్టామే, అదే. ఇక్కడి వాళ్లు దాన్ని సొహ్రా అంటారు. "ఎక్కువ వర్షం ఎక్కడ?" అని ఇన్‌స్పెక్టర్ అడిగితే నువ్వు చెప్పిన జవాబు గుర్తుందా? నాకు దారిపొడవునా అదే గుర్తొచ్చింది, ఆయనకి వివరించలేక ఊరికే నవ్వుతూ కూర్చున్నాను.

సొహ్రాలో కొండ అంచున నిలబడితే ఒళ్లు జలదరించింది. సుమారు 1,300 మీటర్ల ఎత్తు నుంచి నేల ఒక్కసారిగా కిందికి తెగిపోయి ఉంటుంది. దిగువన బంగ్లాదేశ్ మైదానం, సిల్హెట్ వైపు, కనుచూపు మేరా నీళ్లే. సముద్రం మీంచి వచ్చే మేఘాలకి ఆ మైదానంలో అడ్డమే లేదు. నేరుగా వచ్చి ఈ గోడకి కొట్టుకుని, పైకి లేచి, చల్లబడి కురిసేస్తాయి. 1860 ఆగస్టు నుంచి 1861 జూలై దాకా ఒక్క ఏడాదిలో ఇక్కడ 26,461 మిల్లీమీటర్లు కురిసిందట. మన విశాఖలో ఏడాదంతా కలిపి వెయ్యి చొప్పున వేసుకో, ఇరవై ఆరేళ్ల వాన! ఆ మేఘాలు బంగాళాఖాతంవే గురూ. కళింగపట్నం ఒడ్డున మనం కాళ్లు తడుపుకున్న నీళ్లే ఇక్కడికొచ్చి పడుతున్నాయి. నేనలా అంటుంటే ఆయన, "నీళ్లే కాదు, రాళ్లు కూడా మీవే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఈశాన్యం అంటే హిమాలయాల తోక అనే కదా మన ఊహ. కాదట. ఈ మేఘాలయ పీఠభూమికి హిమాలయాలతో పుట్టుక సంబంధం లేదు. ఇది మన దక్షిణాది ద్వీపకల్పం రాయి. నూరు కోట్ల ఏళ్లు పైబడిన రాయి. ఆ వయసు ముందు హిమాలయాలు నిన్న పుట్టిన పసికూనలు. ఝార్ఖండ్‌లోని రాజ్‌మహల్ కొండలకీ ఇక్కడి గారో కొండలకీ మధ్య నేల కుంగిపోతే, ఆ పల్లాన్ని గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన ఒండ్రు పూడ్చేసింది. పైకి రెండు వేరు వేరు కొండల్లా కనిపిస్తాయి, మట్టి కింద ఒకే పునాది. నేను వంగి ఒక రాయి పట్టుకున్నాను. మీ ఊరి గెడ్డ దగ్గర మనం బట్టలారేసుకునే రాయి గుర్తొచ్చింది. ఏదో ఇంటికెళ్లినట్టే అనిపించింది, ఏమని చెప్పను.

సరే, రాళ్ల సంగతి అలా ఉంచు. ఇవాళ జరిగింది చెప్పాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కాంగ్ క్వాయ్ పెట్టింది. పచ్చి వక్క, తమలపాకు, సున్నం. ఇంటికి ఎవరొచ్చినా ముందు అదే. ఎవరైనా చనిపోతే "దేవుడి ఇంట్లో క్వాయ్ నములుతున్నారు" అంటారట, ఎంత బాగుందో చూడు. వాన దంచేస్తోంది, రేకుల చప్పుడికి గట్టిగా అరిస్తే గానీ వినపడదు. మీ కొండల్లో ఎవరుంటారు అని అడిగింది. నీ గురించి చెప్పాను, మీ వాళ్లు సవరలనీ, నువ్వు అక్కడే బడిలో పిల్లలకి చదువు చెప్తున్నావనీ. "సవర" అనగానే ఆవిడ తమ్ముడు తలెత్తాడు. అక్కతో ఖాసీలో ఏదో అన్నాడు. ఆవిడ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"అయితే ఆ అబ్బాయి మావాడే" అంది.

ఖాసీ ఏ కుటుంబం భాషో తెలుసా? ఆస్ట్రో ఏషియాటిక్. మీ సవర, గదబ, అటు సంతాలీ, ముండారీ, ఇంకా దూరంగా కంబోడియాలో ఖ్మేర్, వియత్నాం భాష, అన్నీ ఒకే పెద్ద కుటుంబం. దాంట్లో మీది ముండా శాఖ, వీళ్లది వేరే శాఖ. అంటే సొంత అక్కచెల్లెళ్లు కాదు, చాలా తరాల కింద విడిపోయిన పెద్దమ్మ పిల్లల్లాంటి వాళ్లు. 1906లోనే విల్‌హెల్మ్ ష్మిత్ అనే పాదిరీ ఈ కుటుంబానికి ఆ పేరు పెట్టాడట. ఇక్కడే జైంతియా కొండల్లో మాట్లాడే ప్నార్ కూడా ఖాసీకి దగ్గరే. పక్కనున్న గారో భాషకి మాత్రం ఏ చుట్టరికమూ లేదు, అది టిబెట్ వైపు కుటుంబం. ఒకే రాష్ట్రంలో పక్క కొండ పరాయిది, మన సీతంపేట కొండ చుట్టం. నాకు నోట మాట రాలేదురా.

ఆవిడ తన కన్ను చూపించి "ఖ్మత్" అంది. సంతాలీలో అది "మెత్". చెయ్యి చూపించి "క్తి" అంది, సంతాలీలో "తి". తర్వాత నా వైపు తిరిగి, "మీ స్నేహితుడి భాషలో కంటిని ఏమంటారు?" అని అడిగింది.

నాకు తెలీదు గురూ.

మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. మీ అమ్మ వండిన కూర ఎన్నిసార్లు తిన్నానో లెక్క లేదు. మీ భాషలో కన్ను అనే మాట నాకు తెలీదు. ఒక్క మాట కూడా తెలీదు. ఆవిడ ఏమీ అనలేదు, ఇంకో క్వాయ్ చుట్టి ఇచ్చింది. అది నమలలేకపోయాను.

ఆ రోజు గుర్తొచ్చింది. నీకూ గుర్తుండే ఉంటుంది, మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు గానీ. పాలకొండలో మీ అమ్మ అనాసపళ్ల బుట్టతో కాలేజీ వరండాలోకి వచ్చి నిన్ను సవరలో పిలిచింది. లోపల పాఠం చెప్తున్న మాస్టారు, "లిపి లేని భాష, దానికి అమ్మా లేదు అబ్బా లేదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నువ్వు తల దించుకుని బయటికి వెళ్లావు. సాయంత్రం గదిలో నువ్వే నాకు పండు కోసి పెట్టావు. ఆ నాలుగో పండు ఏమైందో మనిద్దరికే తెలుసు. దాన్ని తల్చుకుని ఎన్నోసార్లు నవ్వుకున్నాం, కానీ దానికి ముందు జరిగింది మాత్రం నేనెప్పుడూ ఎత్తలేదు. క్షమించమని ఇన్నేళ్లకి అడుగుతున్నాను. ఆ మాట అబద్ధంరా. అమ్మా ఉంది, అబ్బా ఉన్నాడు, సముద్రాల అవతల దాకా చుట్టాలున్నారు.

లిపి మాట కూడా వినాలి నువ్వు. కాంగ్ ఒక కథ చెప్పింది. పూర్వం ఒక ఖాసీ, ఒక మైదానం మనిషి కలిసి దేవుడి దగ్గర అక్షరాలు తీసుకుని వస్తున్నారట. దారిలో పెద్ద వరద. మైదానం వాడు అక్షరాల్ని జుట్టుకి కట్టుకుని ఈదాడు. ఖాసీ నోట్లో పెట్టుకుని ఈదాడు. మధ్యలో ఉక్కిరిబిక్కిరై మింగేశాడు. అలా వీళ్ల అక్షరాలు కడుపులోకి పోయాయి. "అందుకే మా కథలన్నీ కడుపులోంచే చెప్తాం" అంది. మీ తాత పూజప్పుడు ఏ కాగితమూ లేకుండా రాత్రంతా పాడేవాడే, అది గుర్తొచ్చింది నాకు.

తర్వాత 1841లో థామస్ జోన్స్ అనే వేల్స్ దేశపు పాదిరీ సొహ్రా వచ్చి ఖాసీని రోమన్ అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాడు. 2011 జనాభా లెక్కల్లో ఖాసీ మాట్లాడేవాళ్లు 14 లక్షల మంది. పేపర్లు వస్తాయి, విశ్వవిద్యాలయంలో ఖాసీ శాఖ ఉంది, 2005 నుంచి గారోతో పాటు సహ అధికార భాష. మీకు మాత్రం ఏం తక్కువ? గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పట్టుబట్టి సవర నేర్చుకుని నిఘంటువు రాశారు. ఒడిశా వైపు 1936లో మంగేయ్ గొమాంగో మీ భాషకి సొంత లిపే తయారుచేశాడు. ఆ మాస్టారు ఆ మాట అనేనాటికి ఇవన్నీ జరిగిపోయి ఎన్నేళ్లో! మనకి ఎవరూ చెప్పలేదు. వ్యావహారిక భాషకి గిడుగు అని పరీక్షలో రాశాం, ఆయన సవర పని గురించి ఒక్క ప్రశ్న రాలేదు.

ఇంకోటి. ఇక్కడ తిరోత్ సింగ్ అనే రాజు ఉండేవాడు. అస్సాం నుంచి సిల్హెట్‌కి ఈ కొండల మీదుగా రోడ్డు వేసుకుంటామని ఇంగ్లీషువాళ్లు వచ్చారు. ముందు సరేనన్నాడు, వాళ్ల ఉద్దేశం అర్థమయ్యాక 1829 ఏప్రిల్ 4న నొంగ్‌ఖ్లావ్‌లో తిరగబడ్డాడు. నాలుగేళ్లు పోరాడి 1833 జనవరిలో దొరికాడు, ఢాకా చెరలో 1835లో పోయాడు. ఆ 1832, 33లోనే మన పాలకొండ, పర్లాకిమిడి తిరుగుబాట్లు అణచడానికి రస్సెల్ అనే ఇంగ్లీషు దొర సైన్యంతో వచ్చాడు కదా! అక్కడా ఇక్కడా ఒకేసారి. ఒకరి సంగతి ఒకరికి తెలీదు.

ఈ రాష్ట్రం పుట్టిందీ భాష దగ్గరే. 1960లో అస్సామీని అధికార భాష చేస్తూ చట్టం వస్తే కొండల నాయకులంతా ఒక్కటయ్యారు. 1970 ఏప్రిల్ 2న స్వయంపాలన వచ్చింది, 1972 జనవరి 21న పూర్తి రాష్ట్రం. తుపాకీ పట్టకుండా సాధించుకున్నామని కాంగ్ తమ్ముడు గర్వంగా చెప్పాడు. మనమూ భాష పేరుతో రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లమే, అయినా మన కొండల మీద మాటలు మనకి... దీని గురించి ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి, ఉత్తరంలో కుదరదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. కాంగ్ నాలుగు మాటలు రాసిచ్చింది. కన్ను ఖ్మత్, చెయ్యి క్తి, పులి ఖ్లా, కుక్క క్సేవ్. వీటిని సవరలో ఏమంటారో రాసి పంపు. నీకు తెలుసని నాకు తెలుసు, అయినా అమ్మని అడిగే రాయి. ఆవిడ ఎలా పలుకుతుందో అలాగే, నీ బడిలో సవర వాచకాల్లో రాసినట్టు తెలుగు అక్షరాల్లో. కాంగ్ రోజూ అడుగుతానంది. వచ్చేటప్పుడు మీ అమ్మ కోసం లకడాంగ్ పసుపు తెస్తాను, జైంతియా కొండలది. మీ పసుపుతో పోల్చి చూసి ఏది మంచిదో ఆవిడే చెప్పాలి. సెలవు దొరికితే సంక్రాంతికి, లేకపోతే

సుమో వచ్చేసింది, కింద హారన్ కొడుతున్నాడు. ఇంతసేపు రాశానా! అమ్మకి నా నమస్కారాలు చెప్పు. ఆ రోజు వరండా సంగతి కూడా నా తరఫున చెప్పు, కాదు, చెప్పొద్దు, నేనే వచ్చి చెప్తాను. నాలుగు మాటలూ మర్చిపోకు, పులి ముఖ్యంగా

నీ
మూడో బెంచీ