ఫ్రాంక్‌ఫర్ట్‌లో మూడు గ్లాసులు

అమ్మలూ,

క్షేమంగా చేరామని ఫోన్లో చెప్పాను కానీ, దారిలో జర్మనీలో విమానం మారిన ఫ్రాంక్‌ఫర్ట్ సంగతి కావాలనే దాచాను. ఫోన్లో మొదలుపెడితే మీ నాన్న మధ్యలో దూరి సగం ఆయనే చెప్పేస్తారు.

ఆఫీసు డిన్నర్లలో వైన్ లిస్టు నీ చేతికిస్తే టెన్షన్ వస్తుందన్నావు. పేర్లు నోరు తిరగవు, రుచి చూస్తే అన్నీ ఒకేలా పుల్లగా ఉంటాయి అన్నావు. తర్వాతి విమానానికి బోలెడు టైమ్ ఉండటంతో అక్కడి వైన్ బార్‌లో కూర్చున్నాను. మీ నాన్న కాఫీ తెచ్చుకుని సామాను కాపలాకు దిగారు.

నేను అడిగింది ఒక్కటే: ద్రాక్ష ఒకటే కావాలి, ఊళ్లు మారాలి. బార్ అబ్బాయి మూడు రీస్లింగ్‌లు పెట్టాడు. రీస్లింగ్ అంటే ఒక తెల్ల ద్రాక్ష, దాంతో చేసే వైన్ పేరూ అదే. మూడూ జర్మనీలోని మూడు ప్రాంతాలవి: ఒకటి ఫాల్ట్స్‌ది, ఒకటి రైన్‌గౌది, ఒకటి మోజెల్ లోయది. గ్లాసు మీద సన్నటి గీత, పక్కన 0.1 లీటరు అని ఉంది. జర్మనీలో కొలత గీత లేని గ్లాసులో అమ్మకూడదట. మన దగ్గర పాలవాడికీ ఆ రూల్ ఉంటే బాగుండును.

ఫాల్ట్స్ వెచ్చటి ప్రాంతం. అక్కడిది నోట్లో నిండుగా ఉంది, తీపి లేదు. రైన్‌గౌది కొన్నేళ్లు నిలవున్న సీసా. ముక్కు దగ్గర పెట్టుకోగానే కిరోసిన్ వాసన! పాడైందేమోనని అబ్బాయి వైపు చూశాను, నవ్వాడు. రీస్లింగ్ పాతబడితే అలాగే వస్తుందట. ఎండ బాగా తగిలిన ద్రాక్షతో చేసిన వైన్ సీసాలో నిలవున్నకొద్దీ టీడీఎన్ అనే పదార్థం ఎక్కువగా తయారవుతుంది, ఆ వాసన దానిదే. చిత్రం ఏమిటంటే, రెండో గుక్కకి అది నచ్చడం మొదలైంది. మీ నాన్నకి వాసన చూపిస్తే మొహం తిప్పుకున్నారు.

మోజెల్‌ది మూడోది. నది పక్కన నిలబడటమే కష్టమైనంత ఏటవాలు కొండల మీద ఆ తోటలు ఉంటాయి. నేలంతా మనం బడిలో రాసుకున్న పలకల రాయే. అది పగటి ఎండని పట్టి ఉంచి, రాత్రి తీగలకి వెచ్చదనం ఇస్తుంది. అంత చలి దేశంలో కాయ పండటానికి ఆ రాయే ఆధారం. గుక్క పట్టగానే తీపి, వెంటనే నిమ్మకాయలాంటి పులుపు. సీసా మీద చూస్తే ఆల్కహాల్ 8.5 శాతమే. ఫాల్ట్స్‌ది 13.

నీకు పనికొచ్చేది ఇక్కడే ఉంది. ఈస్ట్ చక్కెరని తిని ఆల్కహాల్ చేస్తుంది. మధ్యలో ఆపేస్తే చక్కెర మిగిలిపోతుంది, ఆల్కహాల్ తగ్గుతుంది. కాబట్టి జర్మన్ రీస్లింగ్ మీద 8, 9 శాతం కనిపిస్తే తియ్యగా ఉంటుందని దాదాపు ఖాయం. 12 దాటితే, ‘ట్రోకెన్’ (జర్మన్‌లో ‘డ్రై’) అని రాసి ఉంటే, తీపి ఉండదు. పేరు నోరు తిరగకపోయినా ఆ అంకె చూడటం వచ్చు కదా నీకు.

ఇంకోటి, వరస ముఖ్యం. తీపిది చివర్న తాగాలి. నేను ఊరుకోక మోజెల్ తర్వాత మళ్లీ ఫాల్ట్స్ తాగి చూశాను, చింతపండు నీళ్లలా అనిపించింది. మధ్యలో రొట్టె ముక్క, రెండు గుక్కల నీళ్లు పడ్డాక గానీ దాని రుచి దానికి రాలేదు.

మీ తాతయ్య ఇదంతా చూస్తే నవ్వేవారు. పోతుతాడు (మగ తాటిచెట్టు) కల్లు ఏదో, పండుతాడు (ఆడ తాటిచెట్టు) కల్లు ఏదో, కల్లు లొట్టి వాసనతోనే చెప్పే మనిషి. ఆయనకి ఎవరూ లిస్టు ఇచ్చి నేర్పలేదు, పక్కపక్కన పెట్టి తాగారు, అంతే. నువ్వూ అలాగే చెయ్యి. డిన్నర్‌కి ముందు ఏ శనివారమో స్నేహితులతో కలిసి ఒకే ద్రాక్ష, రెండు ఊళ్లవి కొనుక్కో. కొంచెం కొంచెమే పోసుకోండి. కారు మాత్రం తీయకు.

విమానంలో రుచి చూసి నిర్ణయానికి రాకు. నేను పైన మళ్లీ రీస్లింగ్ అడిగాను, చప్పగా, పులుపు మాత్రం పళ్లకి తగిలేలా ఉంది. గాలి పొడిగా ఉండి, పీడనం తగ్గితే ముక్కు సరిగా పనిచెయ్యదు. 2010లో లుఫ్తాన్సా విమానాల కంపెనీ కోసం జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థ విమానం లోపలి వాతావరణాన్ని నేల మీదే సృష్టించి పరీక్షించింది. ఉప్పు, తీపి తెలియడం బాగా తగ్గింది, టమాటా రసం రుచి మాత్రం నిలబడింది. మీ నాన్న ఎప్పుడూ టమాటా జ్యూసే అడుగుతారు కదా, ఆ పరీక్ష సంగతి చెప్పినప్పటి నుంచి ఆయన గొప్పలు ఆగడం లేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానే టికెట్ ఉంటే డ్యూటీ ఫ్రీలో మోజెల్ సీసా ఒకటి తీసుకో. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు. సీల్ వేసిన సంచి మాత్రం ఇంటికొచ్చేదాకా విప్పకు.

అమ్మ